మా ఇంటి బనాతు కోటు

మా తాతకు తాత పెనుకొండ కోట ఉత్తరపు వాకిలికి కావలి దొర. ఆయన కింద గుర్రపువాళ్లు, ఈటెలవాళ్లు ఉండేవారు. ఆ వాకిలి తలుపులు పొద్దున తెరవాలన్నా, పొద్దు గూకితే మూయాలన్నా ఆయన నోటి మాట కావాలి. ఆయన కొడుకు కాలానికి కోట కుంఫిణీ చేతిలోకి పోయింది. కావలి పని పోయినా కావలి పేరు మీద పరిగి పక్కన కొన్ని ఊళ్ల ఇనాం మిగిలింది. మా తాత చేతికి వచ్చేసరికి అవి ఒక ఊరయ్యాయి. మా నాయన చేతికి ఆ ఊరి మెట్టలో కొంత, హిందూపురంలో ఒక ఇల్లు వచ్చాయి. ఆ ఇంటి ముందు వసారా కూడా బెల్లం మండీవాళ్లకు బాడుగకు ఇచ్చి, మేము పక్కసందు వాకిలి గుండా లోపలికి పోయి వచ్చేవాళ్లం. నాకు వచ్చింది సర్కారువారి ఖాకీ నిక్కరు.

గొప్పకు చెప్పడం లేదు. ఎవరి కొడుకో చెప్పకుండా మాట మొదలుపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు.

వీటన్నిటితోపాటు మాకు ఒక కోటు కూడా దక్కింది. ఎర్ర బనాతు కోటు. బనాతు అంటే ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. కంబళిలాగా దట్టంగా, పైన మాత్రం నున్నగా ఉండే ఉన్నిగుడ్డ. మోకాళ్ల దాకా ఉండేది. మెడకూ, ముంజేతులకూ, అంచు పొడవునా జరీ పట్టీ. మెడ కిందినుంచి నడుము దాకా వెండి గుండీలు. కోటను ఏలిన చివరి దొర ఇచ్చినదని మా ఇంట్లో చెప్పేవారు. నిజానికి జరీ, గుండీలు మాత్రమే అంత పాతవి. గుడ్డ పురుగు పట్టిపోతే మా తాత బెంగుళూరు దండులో, తెల్లవాళ్ల పటాలం ఉండే పేటలో, కొత్త బనాతు కొని, పాత కోటు కొలతలతోనే కుట్టించి, ఆ జరీనీ గుండీలనూ దీనికి ఎక్కించాడు. ఈ సంగతి నాయన ఎవరికీ చెప్పేవాడు కాదు. అడిగితే దాచేవాడూ కాదు.

ఆ కోటు ఏడాదికి ఒక్కసారి బయటికి వచ్చేది. ఎండలు ముదిరిన రోహిణి కార్తెలో కోటవాకిలి అమ్మవారి జాతర జరుగుతుంది. మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక అమ్మవారిని ఉత్తరపు వాకిలి దగ్గర పల్లకి ఎక్కించి, బజారు వీధి గుండా ఊరి దక్షిణాన ఉన్న చింతతోపు దాకా తీసుకుపోతారు. పల్లకికి ముందు మా ఇంటి పెద్ద ఆ కోటు తొడుక్కొని, తలపాగా పెట్టుకొని, నడుముకు కత్తి కట్టుకొని నడవాలి. తోపులో పల్లకి దిగిన తరువాత తొలి తాంబూలం ఆయనకే ఇచ్చేవారు. మిగతాది అంతా పోయినా ఆ తాంబూలం ఒక్కటి మాకు ఉండేది.

కోటుకు కట్టుబాట్లు ఉండేవి. వాకిలి దగ్గర వేసుకున్న గుండీ తోపు చేరేదాకా విప్పకూడదు. తలపాగా తీయకూడదు. చెమట తుడుచుకోకూడదు. దారిలో చలువ పందిళ్ల కింద అందరికీ పానకం, మజ్జిగ పోస్తుంటే కోటు తొడుక్కున్నవాడు మాత్రం ముట్టకూడదు. పల్లకి ఆగితే తానూ ఆగాలి కానీ కూర్చోకూడదు. చిన్నప్పుడు నేను నాయన పక్కగా, వీధి నీడవైపు నడుస్తూ ఆయన ముఖం చూసేవాణ్ణి. చెమట కనుబొమ్మల మీదుగా కంట్లోకి దిగినా రెప్ప కొట్టేవాడు కాదు. ఒక పుచ్చకాయల ముసలామె చేటతో విసురుతూ, "పాపం, ఉడికిపోతాండాడు సామీ" అనేది. ఆయనకు ఆ పాపం అన్న మాట నచ్చేది కాదు.

నాయన ఎండను ఓర్చుకునేది వంశం బలంతోనే అని నేను నమ్మేవాణ్ణి. ఆడవాళ్ల వల్ల అని పెద్దయ్యాక తెలిసింది.

కోటు లోపల, ఒంటికి తగిలేవైపు, పల్చటి తెల్ల నూలుగుడ్డ ఒకటి ఉండేది. దాన్ని గట్టిగా కుట్టకుండా పొడుగు కుట్లతో అంటించేవారు. జాతర రోజు పొద్దున మా అవ్వ ఆ కుట్లు విప్పి, గుడ్డను వట్టివేళ్లు నానబెట్టిన కుండలో ముంచి, పిండి, తడిమీదనే మళ్లీ అంటించేది. తరువాత కోటును నీళ్లకుండలు పెట్టే చీకటిగదిలో తగిలించేది. బయటి బనాతు ఎండను లోపలికి రానిచ్చేది కాదు. లోపలి తడి చాలాసేపటిదాకా ఒంటిని చల్లగా ఉంచేది. అవ్వ ఈ పని మా అమ్మకు నేర్పింది. నాయన కోటు తొడుక్కునేటప్పుడు ఆ తడి వీపుకు తగలకుండా ఎట్లా ఉంటుంది? తగిలేది. కానీ ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. వాళ్లూ ఎత్తలేదు. అవ్వ పోయిన తరువాత కూడా ఆ మౌనం అట్లాగే సాగింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు నేను బెంగుళూరు పోయి పటాలంలో చేరాను. అప్పటికి పరిగి పక్క మెట్ట కూడా మా చేతిలో లేదు. నాయనకు చెప్పడానికి భయపడ్డాను. మా పెద్దల కింద సిపాయిలు ఉండేవారు, నేను సిపాయినవుతున్నాను. ఆయన వక్కపలుకు బుగ్గన పెట్టుకొని, అది మెత్తబడేదాకా నమిలాడు.

"గుడ్డలు ఏమిస్తారు?" అన్నాడు చివరికి.

చెప్పాను. తొలి సెలవులో వచ్చినప్పుడు ఇంకా వివరంగా అడిగాడు. పెట్టె తెరిచి నిక్కరు, చొక్కా, కాలిపట్టీలు, బూట్లు, టోపీ ఒక్కొక్కటే తీయించుకొని, చేతిలో తిప్పి చూసి, దేనికి ఏ కట్టుబాటో చెప్పించుకున్నాడు. ఎండాకాలం ఉడుపులు ఎప్పటినుంచి వేసుకోవాలో పటాలంలో హుకుం వస్తుంది. అంతకుముందు ఒళ్లు ఎంత ఉడికినా వేసుకోకూడదు. పగలు చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. మడత అందరికీ ఒకే ఎత్తున ఉండాలి. పొద్దు గూకగానే దోమలకు చేతులు దించి గుండీ పెట్టాలి, నిక్కరు విడిచి పొడుగు పంట్లాం తొడగాలి. ఎండలో టోపీ తీయకూడదు. టోపీ లేకుండా తిరిగి వడదెబ్బ తగిలించుకున్నవాడికి మందుతోపాటు శిక్ష కూడా ఉంటుంది.

"వడదెబ్బకు శిక్షనా?"

"అవును నాయనా. ఒళ్లు మనది కాదు, సర్కారుది అంటారు."

ఆయన ముఖం విప్పారింది. నేను పటాలంలో చేరిన తరువాత ఆయన్ను అట్లా చూడడం అదే మొదలు. "మంచి కొలువే" అన్నాడు.

ఆయనకు చెప్పని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. గంజి సంగతి చెప్పలేదు. ఖాకీ గుడ్డకు గంజి పట్టించి ఇస్త్రీ చేస్తే మడత నిలువునా నిలిచి చూడడానికి బాగుంటుంది కానీ, గుడ్డ కన్నాలన్నీ మూసుకుపోయి లోపల ఒళ్లు కుండలో గింజల్లాగా ఉడుకుతుంది. పాత సిపాయిలు చాకలికి ఒక బీడీకట్ట ఇచ్చి, చేతుల మడతకూ ముందుభాగానికీ గంజి పెట్టించి వీపు వదిలేయించుకునేవారు. వీపు చెమటకు తడిసి చల్లగా ఉండేది. టోపీ లోపల వేపమండ పెట్టుకునేవారు. నేను మాత్రం వీపుకు కూడా గంజి పెట్టించుకునేవాణ్ణి. ఎవరైనా ఎందుకని అడిగితే అలవాటు అనేవాణ్ణి.

ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. కవాతు మైదానంలో గంటల తరబడి కదలకుండా నిలబడాల్సి వచ్చినప్పుడు మనుషులు నరికిన చెట్ల మాదిరిగా ముందుకు పడిపోయేవారు. మా సుబేదారు ఉత్తరాదివాడు, మీసాలు తెల్లబడ్డ మనిషి. ఆయన ఒకరోజు మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, మోకాళ్లు బిగించకండి, బూట్ల లోపల కాలివేళ్లు ఆడిస్తూ ఉండండి, పైకి ఎవరికీ కనిపించదు, నెత్తురు కిందనే నిలిచిపోకుండా తల దాకా వస్తుంది అని చెప్పాడు. ఆ తరువాత నేను మైదానంలో పడిపోలేదు.

తొలి సెలవు అయిన మరుసటి ఏడాది ఎండలు మొదలవగానే ఇంటినుంచి కబురు వచ్చింది. అంతకుముందటి జాతరలో నాయన బజారు వీధి మధ్యలో ఒక అంగడి మెట్టు మీద కూర్చుండిపోయాడట. లేపి నడిపించబోతే మాట పడిపోయిందట. మాట మళ్లీ వచ్చేదాకా చాలా రోజులు మంచంలో ఉన్నాడు. ఇన్నాళ్లూ ఈ సంగతి నాకు తెలియనివ్వలేదు. ఇప్పుడు జాతర పెద్దలు కూర్చొని మాట్లాడుకున్నారు. దారి పొడవునా చలువ పందిళ్లు వేయించేది ఒక వేరుశనగ వర్తకుడు. ఈసారి మా ఇంటి మనిషి కోటుతో వాకిలినుంచి తోపుదాకా కూర్చోకుండా నడిస్తే సరి. లేకపోతే పల్లకి ముందు నడిచే మర్యాద, తొలి తాంబూలం ఆ వర్తకుడి ఇంటికి పోతాయి. కొడుకును పిలిపించు, పడుచువాడు, వాడు తొడుగుతాడు అని పెద్దలే అన్నారట.

నేను ఆ కోటు తొడగడానికే పుట్టానని అనుకుంటూ పెరిగినవాణ్ణి. కబురు విన్నప్పుడు నాయన ఒంటి గురించి దిగులు కలిగిన మాట నిజమే. ఆ దిగులు కింద సంతోషం ఉన్న మాట కూడా నిజమే.

సుబేదారు సెలవు ఇప్పించాడు. ఎందుకని అడిగితే దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు. తమ ఇంట్లోనూ ఒక పాత డాలు ఉందన్నాడు. కానీ యుద్ధకాలం, సెలవులో ఉన్నా నలుగురి ముందుకు పోయేటప్పుడు ఉడుపు విడవకూడదని మా పటాలంలో హుకుం ఉండేది. ఇంట్లో పంచె కట్టుకో, వీధిలోకి పోతే ఖాకీ తప్ప ఇంకొకటి ఒంటిమీద ఉండరాదు అన్నాడు. ఆ ఒక్క పూటకు మినహాయింపు ఇప్పించమని అడిగాను. "రెండు కొలువుల గుడ్డ ఒక ఒంటిమీద పట్టదు బేటా" అన్నాడు. ఆ మాట విన్న తరువాత రెండోసారి అడగబుద్ధి కాలేదు.

హిందూపురంలో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద బెల్లం బస్తాల చుట్టూ కందిరీగలు ముసురుతున్నాయి. ఇంటికి పోయి పక్కసందు వాకిలి తట్టాను. నాయన గోడకు ఆనకుండా చాప మీద కూర్చొని ఉన్నాడు. చిక్కిపోయాడు. మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. వీపు మాత్రం ఎప్పటిలాగానే నిటారుగా ఉంది.

"వచ్చినావా?"

"వచ్చినా నాయనా."

"నీళ్లు పోసుకొని అన్నం తిను. రేపు తొలి బండికి పెనుకొండకు పోవల్ల."

అమ్మ అప్పటికే కోటు బయటికి తీసింది. నేను బూట్లు విప్పేలోపలే దాన్ని నా వీపుకు ఆనించి చూసి, "భుజాలు సరిపోతాండాయి. నడుముకాడ కొంచెం ఇప్పితే చాలు" అంది. వట్టివేళ్ల వాసన, వాటి కింద పాత ఉన్ని వాసన. ఆ గుడ్డ వీపుకు తగిలిన తరువాత నోరు తెరవడానికి నాకు చాలా కష్టమైంది. అయినా హుకుం సంగతి చెప్పాను.

అమ్మ కోటు దించలేదు. "ఈడ ఎవురు చూడొచ్చిరిరా? మీ సుబేదారు పెనుకొండ జాతరకు వస్తాండాడా?"

"రాడమ్మా."

"మల్ల? వాకిలికాడ తొడిగి తోపుకాడ ఇడిస్తే అయిపాయె. మీ దొరలకు యాడ తెలుస్తాది?"

నేను నాయన వైపు చూశాను. ఆయన తొడుగు అంటే తొడిగేవాణ్ణే. అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

"మా నాయన ఎప్పుడన్నా, చూసేటోళ్లు లేరని గుండీ ఇప్పినాడా?" అన్నాడు అమ్మతో.

"ఆయన సంగతి వేరే."

"ఏం వేరే? వాడు తినేది ఆ కొలువు కూడు. ఆ గుడ్డ ఇడిచి ఈ గుడ్డ తొడిగితే రెండిట్లో దేనికీ గాకుండా పోతాడు. వాడు ఖాకీలోనే రానీ. కోటు నేను తొడుగుతా."

అమ్మ కోటును ఒళ్లోకి తీసుకొని కూర్చుంది. "పోయినేడు మాట పడిపాయె. ఈయేడు మనిషే పోతే?"

"పోతే వాకిలి ముందరే పోతా. మంచంలో యాల పోవల్ల?"

"ఆహా! పోయేటోనికేం, పోతాడు. ఉండేటోళ్ల సంగతి చెప్పు."

అమ్మ లేచిపోయి వట్టివేళ్ల కట్ట విప్పి కుండలో నానవేసింది. ఆమె ఒప్పుకున్నట్టు నాకు అట్లాగే అర్థమైంది.

మరునాడు పెనుకొండలో సత్రంలో దిగాం. అమ్మ కోటునూ, నానిన వట్టివేళ్ల కుండనూ తీసుకొని లోపలిగదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను నా నీళ్లసీసాను బావి దగ్గర నింపుకున్నాను. పటాలంలో ఇచ్చే ఆ సీసా చుట్టూ ఉన్నిగుడ్డ తొడుగు ఉంటుంది. దాన్ని తడిపితే లోపలి నీళ్లు మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి. తొడుగు తడుపుతుంటే అమ్మ చేస్తున్న పనీ ఇదే కదా అనిపించింది.

నైవేద్యం అయింది. ఉత్తరపు వాకిలి రాళ్లమీద కాలు మోపలేనంత వేడి. నాయన కోటు తొడుక్కున్నాడు. తడి తగిలినప్పుడు భుజాలు కొంచెం కదిలాయి. అంతే. గుండీలన్నీ తానే పెట్టుకున్నాడు. కోటు ఆయన మీద వదులుగా వేలాడింది. నేను ఖాకీలో, వీపుకు కూడా గంజి పెట్టిన చొక్కాతో, ఆయనకు ఎడమపక్క ఒక అడుగు వెనక నిలబడ్డాను.

వేరుశనగ వర్తకుడు గొడుగు వేసుకొని వచ్చాడు. నవ్వు ముఖం. చెడ్డవాడు కాదు. కానీ నాలుక ఊరుకోదు.

"ఏమప్పా దొరా, కోటు నిన్ను తీసుకొని పోతాండాదా, నువ్వు కోటును తీసుకొని పోతాండావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన ఆయన గొడుగు వైపు చూశాడు.

"పందిళ్లు బాగా వేసినావంట. గొడుగు యాలప్పా మల్ల? నీ పందిళ్లమీద నీకే నమ్మకం లేదా?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. వర్తకుడు కూడా నవ్వి గొడుగు ముడిచాడు. దాన్ని చాలా కొద్దిసేపే ముడిచి ఉంచాడనుకోండి.

డప్పులు మొదలయ్యాయి. పల్లకి లేచింది. నాయన నడిచాడు. తొలి పందిరి దాకా నాకు భయం వేయలేదు. నడక నిదానంగా ఉన్నా తప్పడం లేదు. పల్లకి ఆగింది, జనం పానకం తాగారు, మేం ఇద్దరం ఎండలో నిలబడ్డాం. బజారు వీధిలోకి తిరిగేసరికి ఆయన ముఖంలో ఎరుపు పోయి బూడిదరంగు వచ్చింది. చెమట ఆగిపోయింది. పటాలంలో మాకు నేర్పిన తొలి పాఠం అదే. చెమట కారేవాడి గురించి భయపడొద్దు, ఆగినవాణ్ణి చూసుకోండి అని. కోటు లోపలి తడి ఆరిపోయి ఉంటుంది.

పోయినేడు ఆయన కూర్చున్న అంగడి మెట్టు దగ్గరే పల్లకి మళ్లీ ఆగింది. మెట్టు ఖాళీగా ఉంది. అందరూ దానివైపు ఒకసారి, ఆయనవైపు ఒకసారి చూస్తున్నారు. నేను తల దించుకొని ఆయన కాళ్లు చూశాను. కిర్రుచెప్పుల్లో కాలివేళ్లు ఆడుతున్నాయి. ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి, ఎవరూ గమనించనంత కొద్దిగా, ఆగకుండా. ఆయనకు ఇది ఏ సుబేదారు చెప్పాడు? వాళ్ల నాయన చెప్పి ఉండాలి. నేను కోటు తొడిగిననాడు నాకూ చెప్పేవాడు. అంతకుముందు చెప్పకూడదని ఆయన లెక్క.

సీసా మూత తీశాను.

"నాయనా, తాగు."

ఆయన పెదవులు కదిలాయి. "కోటు మీద తాగరాదు."

"పటాలంలో ఎండకు నడిచేటోడు ఆగినచోటల్లా తాగల్ల. హుకుం."

"నేను పటాలంలో చేరినానా?"

"పక్కన నడిచేది నేను గదా. పూచీ నడిపించేటోని మీద ఉంటాది. తాగనోనికి శిక్ష, తాగించనోనికీ శిక్ష."

ఆయన కళ్లు నావైపు తిరిగాయి. "తాగించనోనికీనా?"

"వానికే ఎక్కువ."

జాతర పెద్ద దగ్గరికి వచ్చాడు. "ఏందప్పా ఇది? కోటు ఉండంగా తాగేది ఎప్పుడన్నా ఉండాదా?"

నాయన ఆయనకు జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. మాట బొంగురుగా వచ్చినా చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడింది. "కోటు కట్టుబాటు చెప్పేది కోటవాకిలి కావలోడు. అంటే నేను. నా కొడుకుకు శిక్ష పడేతట్ల నేను ఆ కట్టుబాటు పెట్టలేదు." సీసా తీసుకొని, తల ఎత్తి, పెదవులకు తగలకుండా నీళ్లు పోసుకున్నాడు. నిలబడే తాగాడు. ఒక్క చుక్క కోటు మీద పడలేదు.

జాతర పెద్ద వర్తకుడి వైపు చూశాడు. వర్తకుడు తన గొడుగు కింద నుంచే, "ఇంగ పోదాం పదండప్పా, అమ్మవారికి ఎండ తగుల్తాండాది" అన్నాడు. ఆ మాటకు ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. డప్పులు మోగాయి.

తరువాత ఆగిన ప్రతిచోటా నేను సీసా అందించాను, ఆయన తాగాడు. తోపు చేరేలోపల నుదుట మళ్లీ చెమట కనిపించింది. దాన్ని చూసి నేను పడిన సంతోషం ఇంకెప్పుడూ పడలేదు. పల్లకి దిగింది. ఆయన కూర్చోలేదు. నిలబడే తొలి తాంబూలం అందుకొని, అందులోని ఆకు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ తరువాత గుండీ విప్పాడు.

సత్రంలో అమ్మ ఆయనకు తల మీద తడిగుడ్డ వేసి, ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రాసింది. ఆయన కళ్లు మూసుకొని పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"తాగించనోనికి శిక్ష అంటివే" అన్నాడు. "నిజమేనా?"

నేను సీసా మూత తిప్పి బిగించాను.

"మీ దొర మాటనా, నీ మాటనా?"

"నా మాటే నాయనా."

"అనుకున్నాలే" అన్నాడు. ఆ తరువాత నిజంగానే నిద్రపోయాడు. అమ్మ నావైపు చూసి, ఒళ్లో ఉన్న కోటు లోపలి కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది.

తిరుగు రైల్లో హిందూపురంలో వాళ్లిద్దరూ దిగిపోయారు. బండి కదిలేదాకా నాయన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. "వచ్చేయేడు సెలవుకు ముందే అడుగు. కోటుకు గూడా సెలవు అడుగు" అన్నాడు. అడుగుతానన్నాను.

మరుసటి ఏడాది జాతరకు నేను తూర్పు సరిహద్దు అడవుల్లో ఉన్నాను. అక్కడి వేడి మా వేడి కాదు. గాలిలోనే నీళ్లుంటాయి, చెమట ఆరదు, పగలూ రాత్రీ తడిగుడ్డ ఒంటికి అంటుకొని ఉంటుంది. ఆ తడిలో చల్లదనం లేదు. వట్టివేళ్ల వాసన కోసం ప్రాణం కొట్టుకునేది. పెనుకొండ ఎండలో, కాలే రాళ్లమీద, మెడదాకా గుండీలు పెట్టుకొని నిలబడితే చాలనిపించేది. ఎవరికైనా చెబితే పిచ్చి అనుకుంటారని చెప్పలేదు. మిగతావాళ్లు ఎండ తగ్గాలని కోరుకునేవారు; నేను మాత్రం ఇంకో ఎండను కోరుకునేవాణ్ణి.

ఆ ఏడాది కూడా నాయన కోటు తొడిగాడట. అమ్మ పక్కనే చెంబు పట్టుకొని నడిచిందట. ఆగినచోటల్లా ఆయనే చేయి చాచాడట. ఆడమనిషి పల్లకి ముందు నడవడమేమిటని జాతర పెద్ద అంటే, ఇది పటాలం హుకుం, మా అబ్బాయి బదులు ఆమె వచ్చింది అన్నాడట. ఆ చలికాలంలో ఆయన పోయాడు. వాకిలి ముందర కాదు. మంచంలోనే, ఎండ లేని పొద్దున. నాకు తెలిసేసరికి కర్మలు కూడా అయిపోయాయి.

తరువాతి జాతరకు కోటు తొడిగేవాళ్లు లేరు. పెద్దలు ఒక ఏడాది ఆగారు. ఆ మర్యాద వాళ్లు చూపారు, కాదనను. ఆ తరువాత పల్లకి ముందు వేరుశనగ వర్తకుడు నడిచాడు. ఇప్పుడు వాళ్ల ఇంటివాళ్లే నడుస్తారు. తెల్ల చొక్కా వేసుకుంటారు, గొడుగు పడతారు, దారిలో మజ్జిగ తాగుతారు. తప్పు పట్టడానికేమీ లేదు. చల్లగా ఉంటుంది.

యుద్ధం ముగిసి పటాలంనుంచి విడుదలై వచ్చేనాటికి హిందూపురం ఇంట్లో వంటగది, దాని పక్క గది మాత్రమే మావి. అమ్మ పెట్టె తెరిచి కోటు తీసింది. జరీ నల్లబడింది. అంచున అక్కడక్కడ పురుగు కొట్టింది. ధర్మవరంలో పాత జరీ చీరలు కొని, కాల్చి, అందులోని వెండి తీసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కబురు పెట్టానని చెప్పింది. నేను సరే అన్నాను.

"ఒక్కసారి తొడిగి చూడరాదా?" అంది. "ఇప్పుడు నీ ఒంటిమీద ఎవురి హుకుమూ లేదు గదా."

నిజమే. ఖాకీ దింపేశాను. వద్దనే సుబేదారు లేడు. కోటు చేతుల్లోకి తీసుకున్నాను. భుజాలు ఇంకా సరిపోయేవే. కానీ అది జాతర లేనినాడు తొడిగే గుడ్డ కాదు. నాయన ఎన్నడూ ఊరికే తొడగలేదు. మడిచి అమ్మకు ఇచ్చేశాను. ఆమె మళ్లీ అడగలేదు. లోపలి తెల్లగుడ్డ కుట్లు విప్పి, దాన్ని వేరు చేసి తన పెట్టెలో పెట్టుకుంది.

మరునాడు ఇద్దరం రైల్లో ధర్మవరం పోయాం. పెనుకొండ స్టేషన్లో బండి ఆగినప్పుడు కొండ కనిపించేవైపు అమ్మ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

ధర్మవరంలో జరీ, వెండి గుండీలు అమ్మాము. బనాతు తమకు పనికిరాదని వాళ్లన్నారు. దాన్ని రైల్వే స్టేషన్ పక్కన పాతగుడ్డలు కొనేవాడికి అమ్మాము.